అభయదానం ఎక్కడ పూర్తి అవుతుంది?

జైన గృహస్థధర్మంలో దానం నాలుగు విధాలు: ఆహారదానం, ఔషధదానం, శాస్త్రదానం, అభయదానం. మొదటి మూడింటికీ లెక్క ఉన్నది. ఎన్ని విస్తళ్లు వేసినదీ, ఎందరికి మందు ఇచ్చినదీ, ఎన్ని గ్రంథాలు అచ్చు వేయించి పంచినదీ దీపావళినాడు పాత ఖాతాలు మూసేటప్పుడు చూసి చెప్పవచ్చు. నాలుగవ దానానికి అట్టి లెక్క లేదు. భయపడి వచ్చినవానికి చోటు చూపితే అభయం ఇచ్చినట్టేనని లోకం అనుకుంటున్నది. తలుపు తీసినప్పుడే ఆ దానం పూర్తి అయినదా? లేక లోపలికి వచ్చినవాని భయం తీరినప్పుడు పూర్తి అవుతుందా? ప్రశ్న చూడడానికి చిన్నదే. కాని దీని జవాబునుబట్టి దాత చేయవలసిన పని చాలా మారిపోతుంది.

తెలుగులో శరణార్థికి కాందిశీకుడన్న మాట కూడా ఉన్నది. ఏ దిక్కుకు పోదునా అని పరుగెత్తేవాడని దాని అర్థం. దిక్కు వెదకడం కాళ్ల పని మాత్రమే అయితే, శిబిరం చేరిన రోజుతోనే ఆ మాట చెల్లిపోవాలి. అట్లా జరగదు. శిబిరంలో ఏళ్లతరబడి ఉన్నవారు కూడా కలలో పరుగెత్తుతూనే ఉంటారు. కాళ్లకు దొరికిన దిక్కు మనసుకు ఇంకా దొరకలేదన్నమాట.

తమిళనాడులోని శ్రీలంక తమిళుల స్థితి ఇందుకు దగ్గరి ఉదాహరణ. 1983 జూలైలో శ్రీలంకలో తమిళులపై జరిగిన హత్యాకాండ తరువాత వేలకొలది జనం పడవలెక్కి, పాక్ జలసంధి దాటి, రామేశ్వరం తీరానికి వచ్చారు. యుద్ధం ముదిరినప్పుడల్లా, 1990లో, 1995 తరువాత, 2006 తరువాత, మళ్లీ మళ్లీ వచ్చారు. మొత్తం మీద వచ్చినవారి సంఖ్య 3 లక్షలు దాటినది. వారిలో చాలామంది మొదట అడుగుపెట్టినది మండపం శిబిరంలో. పూర్వం సింహళంలోని తోటలకు కూలికి పోయేవారిని నిలిపి, పరీక్షించి, ఓడ ఎక్కించిన చోటు అదే. పోయేవారిని పంపిన చోటే, పారిపోయి వచ్చినవారిని అందుకొన్నది. 2009 మే నెలలో యుద్ధం ముగిసినది. కొందరు స్వదేశానికి తిరిగి వెళ్లారు. అయినా 2021 నాటికి వందకు పైగా శిబిరాలలో సుమారు 58 వేలమంది ఉన్నారు. ఆ ఏడు ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం శిబిరాల పేరులోనుంచి శరణార్థి అన్న మాట తొలగించి, వాటికి పునరావాస శిబిరాలని పేరు పెట్టినది. ఇళ్లకు, చదువులకు, ఇతర అవసరాలకు 317 కోట్ల రూపాయల పథకం ప్రకటించినది. బియ్యం, నెలసరి భత్యం, పిల్లలకు బడి అంతకుముందునుంచీ ఉన్నవే. ఇది చిన్న దానం కాదు. దీనిని తక్కువ చేసి మాట్లాడడం కృతఘ్నత అవుతుంది.

అయితే ఈ దానమంతా కంటికి కనబడే లేమికి జరిగినది. కనబడని బాధ ఒకటి ఉన్నది. వీధిలో టపాకాయ పేలితే మంచం కిందికి దూరే ముసలివాడు ఉంటాడు. హెలికాప్టరు చప్పుడు వినబడితే చేతిలోని గిన్నె జారవిడిచే ఇల్లాలు ఉంటుంది. కొడుకు చనిపోయినాడో బ్రతికి ఉన్నాడో తెలియక, తిథి పెట్టలేక, ఎదురుచూపు మానలేక దినాలు గడిపే తల్లి ఉంటుంది. ఇట్టివారిని పిచ్చివారనడం తప్పు. ప్రాణం కాపాడుకోవడానికి ఒకనాడు మేలుకొన్న భయం, ప్రమాదం తప్పిపోయిన తరువాత కూడా నిద్రపోలేదు. జరిగిపోయినది ఇప్పుడే జరుగుతున్నట్టు శరీరం అనుకుంటుంది. దీనిని 1980లో అమెరికా మానసిక వైద్యులు ఒక ప్రత్యేక రుగ్మతగా తమ గ్రంథంలో చేర్చారు. యుద్ధం నడిచిన ప్రాంతాలలో ప్రతి అయిదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంటుందని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. తక్కిన నలుగురూ దుఃఖపడనివారని కాదు. వారికి బంధువులు, పని, దైవప్రార్థన, కాలం తోడై దుఃఖాన్ని దాటించినవి. అయిదవవానికి అవి చాలలేదు.

యాళ్‌పాణంలో యుద్ధకాలంలో పనిచేసిన మానసిక వైద్యుడు దయా సోమసుందరం 1998లో ఈ విషయం మీద ఒక గ్రంథం ప్రకటించారు. అక్కడి జనం మనసు బాగాలేదని చెప్పుకొంటూ వైద్యుని దగ్గరకు రారు. తలనొప్పి అంటారు, గుండెదడ అంటారు, ఒళ్లంతా మంట అంటారు. మనసు చెప్పుకోలేనిది శరీరం చెబుతుంది. గాయపడేది ఒక మనిషి మాత్రమే కాదనీ, కుటుంబమూ ఊరూ కూడా గాయపడతాయనీ ఆయన తరువాతి కాలంలో విశదంగా వ్రాశారు. ఒకరినొకరు నమ్మడం పోతుంది, పెద్దల మాట చెల్లదు, పురుషులు తాగుడులో పడతారు. ఇవన్నీ ఒక్క గాయానికే వేర్వేరు ముఖాలు.

ఈ బాధకు చికిత్స లేదా అంటే, ఉన్నది. శరణార్థుల విషయమై 1951లో ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన ఒడంబడికలో భారతదేశం చేరలేదు. కాని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రభుత్వం నడిపే మానసిక వైద్యసేవలు పొందే హక్కు ప్రతి వ్యక్తికీ ఉన్నదని చెప్పినది. పౌరునికి అనలేదు, వ్యక్తికి అన్నది. రోగి చెప్పుకొన్న సంగతులు రహస్యంగా ఉంచాలని కూడా ఆ చట్టమే చెప్పినది. సామాన్య వైద్యుల చేత, ఆరోగ్య కార్యకర్తల చేత పల్లెలలో మానసిక వైద్యం చేయించవచ్చునని 1980లలో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థవారు బళ్లారి జిల్లాలో ప్రయోగం చేసి చూపారు. దానిని ఆధారం చేసుకొని 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైనది. 2022 అక్టోబరు 10 నుంచి టెలీ మానస్ అనే సేవ నడుస్తున్నది. 14416 నంబరుకు ఫోను చేస్తే పగలైనా రాత్రయినా, ఖర్చు లేకుండా, తమిళం తెలుగు మొదలైన భాషలలో కౌన్సెలింగు దొరుకుతుంది. అవసరమైతే అక్కడివారే మానసిక వైద్యునికి అప్పగిస్తారు.

తలుపు ఉన్నప్పుడు జనం ఎందుకు తట్టరు? కారణాలు కొన్ని తేలికగానే తెలుస్తాయి. రంగులు వేయడానికి, కూలికి పోయేవాడు జిల్లా ఆసుపత్రికి వెళితే ఆనాటి కూలి పోతుంది, బస్సు చార్జీ అదనం. శిబిరంలో హాజరు తనిఖీ ఉన్న రోజున కదలడానికి లేదు. మనసు వైద్యుని దగ్గరకు పోయినట్టు తెలిస్తే ఇంటి ఆడపిల్లకు సంబంధం రాదేమోనని భయం. చెప్పిన సంగతి ఎవరి దస్త్రంలోకి ఎక్కుతుందోనని మరొక భయం. వీటన్నిటికంటె లోతైన కారణం ఇంకొకటి ఉన్నది. శరణార్థి తన కథ ఇదివరకే చాలాసార్లు చెప్పి ఉన్నాడు. తీరంలో కాపలావారికి చెప్పాడు, పోలీసులకు చెప్పాడు, పేరు నమోదు చేసుకొన్న గుమాస్తాకు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ దానికి ఏదో ఒకటి ముడిపడి ఉన్నది: ఒక చీటీ, ఒక అనుమతి, ఒక గది. వ్యాపారి భాషలో చెప్పాలంటే, కథ అతనికి నాణెమైపోయినది. ఎవరైనా మళ్లీ అడిగితే, ఇప్పుడు దేనికి వెల కట్టవలసి వచ్చినదోనని అతడు భయపడతాడు.

ఇక్కడే దాత ధర్మం పరీక్షకు వస్తుంది. పండుగకో, పెద్దల వర్ధంతికో దుప్పట్లు పంచడానికి ఒక కుటుంబం శిబిరానికి పోయినదనుకోవాలి. పోయినవారు మంచివారు, దయగలవారు. దుప్పటి చేతికి ఇస్తూ, “అక్కడ ఏమి జరిగిందమ్మా? మీవాళ్లు ఎవరైనా పోయినారా?” అని అడుగుతారు. అడగడం ఆదరణ అనుకుంటారు. దుప్పటి అందుకొంటున్న చేతికి జవాబు చెప్పననే ధైర్యం ఉండదు. ఆమె చెబుతుంది. విన్నవారు కన్నీరు పెట్టుకొంటారు, మంచి పని చేశామని తృప్తితో ఇంటికి పోతారు. ఆమెకు ఆ రాత్రి నిద్ర ఉండదు.

అది హింసా? చంపాలని, నొప్పించాలని అక్కడ ఎవరికీ లేదు. కాని జైనధర్మం హింసను ద్వేషంతో మాత్రమే కొలవలేదు. ఏమరుపాటుతో, అజాగ్రత్తతో ప్రాణికి నొప్పి కలిగించడం కూడా హింసలోనే లెక్క. చీమ మీద అడుగు పడకుండా నేల చూసి నడవమన్న ధర్మం, మనిషి గాయం మీద మాట పడకుండా చూసి మాట్లాడమనదా? నడకలో జాగ్రత్తకు ఈర్యాసమితి అనీ, మాటలో జాగ్రత్తకు భాషాసమితి అనీ పేర్లు పెట్టి రెండింటినీ పక్కపక్కనే చెప్పారు. మొదటిది పాటించి రెండవది మరచినవాడు సగం దారే నడిచినాడు.

నేటి వైద్యశాస్త్రం కూడా ఈ మాటే చెబుతున్నది. ఘోరం జరిగిన కొత్తలో బాధితుణ్ణి కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పిస్తే మనసు తేలికపడుతుందని ఒకప్పుడు నమ్మేవారు. ఆ పద్ధతి వాడవద్దని 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చినది. అంతకు రెండేళ్ల ముందు అదే సంస్థ ప్రథమ చికిత్సవంటి మానసిక సహాయాన్నిగూర్చి ఒక పుస్తకం ప్రకటించినది. దాని సారం మూడు పనులు: అవసరం ఏమిటో చూడడం, చెప్పదలచినంతవరకు వినడం, కావలసిన సహాయంతో జతచేయడం. చెప్పమని ఒత్తిడి చేయడం ఆ మూడింటిలోనూ లేదు. తీవ్రమైన బాధ ఉన్నవారి విషయంలో, శిక్షణ పొందిన నిపుణుడు ఆ జ్ఞాపకాన్ని మెల్లగా విప్పించే చికిత్సలు వేరే ఉన్నవి. అవి రోగి సమ్మతితో, రోగి ఓర్చుకోగలిగినంతే నడుస్తాయి. వైద్యుని చేతిలోని కత్తి వేరు, దారిన పోయేవాని చేతిలోని కత్తి వేరు.

ఎవరు వినవచ్చునన్న ప్రశ్న జైన ఆచార్యులకు కొత్తది కాదు. శివార్యుని భగవతీ ఆరాధన అనే ప్రాచీన గ్రంథంలో, ఇతరుల ఆలోచన వినే ఆచార్యునికి ఉండవలసిన గుణాలు చెప్పబడినవి. ఇక్కడ ఆలోచన అంటే శిష్యుడు తన దోషాలు విప్పి చెప్పుకోవడం. ఆ గుణాలలో ఒకటి అపరిస్రావిత్వం. పరిస్రవించడమంటే కారిపోవడం. లోపల పోసినది బయటికి ఒక్క బొట్టయినా కారనివాడు అపరిస్రావి. శరణార్థి ఏ దోషమూ చేయలేదు, ఇతరుల దోషాన్ని భరించినాడు. కాబట్టి అతడు చెప్పుకొనేది ప్రాయశ్చిత్తం కోసం కాదు. కాని వినే పాత్రకు ఉండవలసిన లక్షణం రెండు చోట్లా ఒక్కటే. కౌన్సెలింగు చేసేవారికి చట్టం విధించిన నియమాన్ని ఆచార్యులు తమ ధర్మంలో ఎప్పుడో పెట్టుకొన్నారు. విన్నదానిని భోజనాల దగ్గర చెప్పుకొనే దాత, ఫొటో తీసి పత్రికకు పంపే సంఘం, ఎంత దయగలవైనా కారే పాత్రలే.

దీనికి కొందరు పెద్దలు ఆక్షేపణ చెప్పవచ్చు. దేశవిభజన నాటి కాందిశీకులకు ఏ కౌన్సెలింగు ఉన్నది, వారు నిలదొక్కుకోలేదా అంటారు. 1947లో గుజ్రాన్‌వాలాలో ఉన్న ఆచార్య విజయవల్లభసూరి, శ్రావకులందరూ బయలుదేరేవరకు తాను ఒక్కడే కదలనన్నారు. సెప్టెంబరులో వారితో కూడ అమృత్‌సర్ చేరారు. ముల్తాను జైనులు జయపురంలో కొత్తగా ఇళ్లు కట్టుకొన్నారు. నిలదొక్కుకొన్న మాట నిజమే. కాని దుకాణం తెరిచినంతమాత్రాన మనసు తెరిచినట్టు కాదు. విభజన బాధితులు, ముఖ్యంగా స్త్రీలు, 50 ఏళ్ల తరువాత నోరు విప్పిన సంగతులను ఊర్వశీ బుటాలియా 1998లో గ్రంథంగా ప్రకటించారు. ఇన్ని లక్షలమంది మనసులు గాయపడితే ఆనాటి భారతీయ మానసిక వైద్యులు దానినిగూర్చి దాదాపు ఏమీ వ్రాయలేదని నిమ్హాన్స్ ఆచార్యుడు సంజీవ్ జైన్, ఆలోక్ సరీన్ కలిసి 2018లో వెలువరించిన గ్రంథం చూపినది. ఆనాటి మౌనాన్ని బలమని అనుకొన్నారు. ఆ మౌనం అడుగున ఏమున్నదో ఎవరూ చూడలేదు. పెద్దలు చికిత్స లేకుండా ఓర్చుకొన్నారు కాబట్టి పిల్లలూ ఓర్చుకోవాలనడం, మత్తుమందు లేని కాలంలో శస్త్రచికిత్స జరిగినది కాబట్టి ఇప్పుడూ అట్లాగే జరగాలనడంవంటిది. విజయవల్లభసూరి చూపిన దారి వేరు. వెనుక ఒక్కరు మిగిలినా దాటడం పూర్తి కాదన్నది ఆయన నడవడి.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. ఎవరి కర్మ వారు అనుభవించవలసినదే కదా, మధ్య మరొకరు చేయగలిగినదేమున్నది అని అడగవచ్చు. అసాతవేదనీయ కర్మ ఉదయించినప్పుడు దుఃఖం కలుగుతుందన్నది శాస్త్రం. కాని ఆ శాస్త్రమే, తనకుగాని పరులకుగాని దుఃఖాన్ని, శోకాన్ని, ఆక్రందనను కలిగించినవానికి అసాతం బంధిస్తుందనీ, ప్రాణులపట్ల అనుకంప, దానం, క్షమ ఉన్నవానికి సాతం బంధిస్తుందనీ చెప్పినది. కర్మ సిద్ధాంతం ప్రతివానికీ తన ఖాతా చూసుకోవడానికి ఇచ్చినది. పరుల ఖాతా పూర్తిగా చూడగలవాడు కేవలజ్ఞాని ఒక్కడే. శరణార్థిని చూసి “అది వారి కర్మ” అనేవాడు తన చేతికి ఎవరూ ఇవ్వని పుస్తకం తెరిచి చదువుతున్నాడు. అదే సమయంలో తన పుస్తకంలో ఏమి వ్రాసుకొంటున్నాడో గమనించడంలేదు. వైద్యం చేయించడం కర్మకు అడ్డుపడడమైతే ఔషధదానం ధర్మాలలో ఉండేదే కాదు.

మూడవది వ్యాపారులకు సహజమైన అనుమానం. అడగకుండా ఇస్తే నిజమైన బాధితుడెవడో ఎట్లా తెలుస్తుంది? బాధ నటించేవారు ఉండరా? ఉండవచ్చు. మోసపోయినచో పోయేది కొంత డబ్బు. నిజమైనవానిని అనుమానించినచో పోయేది అతనికి మనుషుల మీద మిగిలిన కొద్ది నమ్మకం. రెండు నష్టాలూ తూచి చూస్తే ఏది భరించదగినదో వ్యాపారికి వేరే చెప్పనక్కరలేదు. పైగా భయంకరమైన అనుభవం పొందినవాని జ్ఞాపకం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. నిన్న ఒక తేదీ, నేడు మరొక తేదీ చెప్పవచ్చు. దానినిబట్టి అబద్ధమని తేల్చకూడదు. ఒకే వస్తువు పలు వైపులనుంచి పలు విధాలుగా కనబడుతుందని నేర్పిన అనేకాంత దృష్టి, ఇట్టి సమయంలో తొందరపడి తీర్పు చెప్పవద్దని నేర్పాలి.

అట్లయితే దాత ఏమి చేయాలి? అడగడం మాని, దారి వేయాలి. ఆసుపత్రికి పోయేవానికి ఆనాటి కూలి, బస్సు చార్జీ ఇవ్వడం ఒకటి. శిబిరంలో నలుగురూ వినకుండా మాట్లాడుకోవడానికి తలుపు ఉన్న గది ఒకటి కట్టించడం ఇంకొకటి. ఇరుకు ఇళ్లలో అట్టి గది బంగారం. మందులు పంచే సంచి మీద 14416 నంబరును తమిళంలో అచ్చు వేయించడం చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పని. అన్నిటికంటె ఫలం ఎక్కువ ఇచ్చేది శిక్షణ. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ఒక పద్ధతి ప్రకారం, వైద్యులు కాని సామాన్యులు శిక్షణ పొంది, బాధితునితో వారానికొకసారి చొప్పున అయిదుసార్లు కూర్చుంటారు. ఊపిరి నిదానించుకోవడం, ఎదుటనున్న చిక్కును ముక్కలు చేసి పరిష్కరించుకోవడం, మానివేసిన పనులు మళ్లీ మొదలుపెట్టడం, తోటివారి అండ పెంచుకోవడం నేర్పుతారు. జరిగిన ఘోరాన్ని వర్ణించమనరు. పెషావరులో ఈ పద్ధతిని పరీక్షించి చూడగా, ఆందోళన, దిగులు తగ్గినట్టు తేలినది. తమిళనాడు శిబిరాలలో 1984 నుంచి పనిచేస్తున్న ఈళం శరణార్థుల పునరావాస సంస్థను స్థాపించినవారు, నడుపుతున్నవారు శరణార్థులే. శిబిరంలో పెరిగిన యువతికి శిక్షణ ఇప్పిస్తే, ఆమె యాస వేరు కాదు, ఆమె ముందు సిగ్గు లేదు, ఆమె దగ్గరకు పోవడానికి బస్సు ఎక్కనక్కరలేదు. ఆమెకు జీతం ఏర్పాటు చేయడం, ఆమె విన్న మాటలు ఆమె దగ్గరే ఉండనివ్వడం దాత పని. లెక్కలు అడగవచ్చు, కథలు అడగరాదు.

వర్ధమాన మహావీరుని నిర్వాణదినమని జైన కుటుంబాలు దీపావళినాడు దీపాలు పెడతాయి. పురుగులు చస్తాయని చాలా ఇళ్లలో టపాకాయలు కాల్చరు. శిబిరానికి దగ్గరలో ఉన్నవారు ఆ నియమానికి ఇంకొక కారణం చేర్చుకోవచ్చు. ఆ రాత్రి అవతలి వీధిలో ఒక ముసలివాడు మంచం కిందికి దూరకుండా పడుకొంటే, ఆ సంగతి ఏ చిట్టాలోనూ ఎక్కదు. ఎవరి పేరా ఉండదు. అభయదానం అక్కడ కొంత పూర్తి అయినట్టు.